అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో పదవి తీసుకుంటున్నారా? సంతకం పెట్టే ముందు ఇవి తెలుసుకోండి!

అపార్ట్‌మెంట్‌లో జనరల్ బాడీ మీటింగ్. ప్రెసిడెంట్‌గా ఎవరుంటారని అడిగితే అందరూ తల దించుకుంటారు. చివరికి ఎవరో ఒక రిటైర్డ్ ఉద్యోగికో, కాస్త ఓపికున్న కుర్రాడికో ఆ బాధ్యత అంటగడతారు. జీతం ఉండదు, తిట్లు మాత్రం ఉచితం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ.. ఎక్కడ చూసినా ఇదే సీన్.

కానీ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. జీతం లేని పదవే అయినా, చట్టం దృష్టిలో బాధ్యత ఉన్న పదవే. లిఫ్ట్‌లో ప్రమాదం జరిగినా, సెప్టిక్ ట్యాంక్‌లో కార్మికుడు ప్రాణం పోగొట్టుకున్నా, జీఎస్టీ కట్టకపోయినా మొదటి నోటీసు వచ్చేది ప్రెసిడెంట్, సెక్రటరీ పేరు మీదే. "మేం సేవ కోసం చేస్తున్నాం" అన్న మాట పోలీస్ స్టేషన్‌లోనూ, కోర్టులోనూ పెద్దగా పనికిరాదు.

మరి అసోసియేషన్ కమిటీకి చట్టపరంగా ఎక్కడెక్కడ చిక్కులు వస్తాయి? ఏం చేస్తే బయటపడొచ్చు? వివరంగా చూద్దాం.

ముందు మీ అసోసియేషన్ ఏ చట్టం కిందుందో తెలుసా?

తెలుగు రాష్ట్రాల్లో అపార్ట్‌మెంట్లకు ప్రత్యేకంగా 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఈ చట్టం విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగుతోంది. అయితే అసోసియేషన్ రిజిస్ట్రేషన్ మాత్రం ఎక్కువగా రెండు దారుల్లో జరుగుతోంది. ఒకటి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. రెండోది 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, అందరూ 'మ్యాక్స్' అని పిలిచేది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, గొడవ వచ్చినప్పుడు ఎక్కడికెళ్లాలో చెప్పేది ఇదే. సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయితే సభ్యుల మధ్య, కమిటీ మధ్య వచ్చే వివాదాలకు సెక్షన్ 23 వర్తిస్తుంది. అంటే ఆర్బిట్రేషన్‌కైనా వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులోనైనా పిటిషన్ వేయొచ్చు. మ్యాక్స్ కింద ఉంటే దారి వేరు, సహకార ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి.

చాలామంది చేసే పని ఏంటంటే నేరుగా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి "మా ఎలక్షన్ రద్దు చేయండి" అని దరఖాస్తు ఇవ్వడం. సొసైటీల చట్టంలో రిజిస్ట్రార్ పని ప్రధానంగా కాగితాలు తీసుకుని రికార్డు చేయడం. ఏ కమిటీ అసలైందో తేల్చే జడ్జి ఆయన కాదు. నెలల తరబడి ఆ ఆఫీసు చుట్టూ తిరిగి, చివరికి కోర్టుకెళ్లమని చెప్పించుకోవడం తప్ప ఫలితం ఉండదు.

కమిటీ గడువు ముగిసిందా? బ్యాంకు ఖాతాకు బ్రేక్ పడొచ్చు

రెండేళ్ల కమిటీ ఐదేళ్లు నడుస్తుంది. ఎవరూ ముందుకు రాకపోతే పాతవాళ్లే కొనసాగుతారు. అంతా సవ్యంగా ఉన్నంతకాలం ఎవరూ అడగరు. ఒక్కసారి గొడవ మొదలైందా, మొదటి ప్రశ్న ఇదే: "అసలు మీకు సంతకం పెట్టే అధికారం ఎక్కడిది?"

గడువు ముగిసిన కమిటీ పెట్టిన ఖర్చులు, చేసుకున్న కాంట్రాక్టులు, పంపిన నోటీసులు అన్నీ సవాలుకు గురవుతాయి. రెండు వర్గాలు పోటీ కమిటీలు ప్రకటించుకుంటే బ్యాంకు లావాదేవీలు ఆపేస్తుంది. అప్పుడు వాచ్‌మన్ జీతం, జనరేటర్ డీజిల్, లిఫ్ట్ కరెంట్ బిల్లు.. అన్నీ ఆగిపోతాయి.

అందుకే ఏటా జనరల్ బాడీ మీటింగ్ పెట్టడం, నోటీసు ముందుగా ఇవ్వడం, కోరం ఉందో లేదో రాసుకోవడం, మినిట్స్ బుక్‌లో సంతకాలు తీసుకోవడం, కొత్త కమిటీ జాబితాను, ఆడిట్ చేసిన లెక్కలను రిజిస్ట్రార్‌కు దాఖలు చేయడం.. ఇవేవీ లాంఛనాలు కావు. రేపు కోర్టులో కమిటీని కాపాడేవి ఇవే. వాట్సాప్ గ్రూప్‌లో పోల్ పెట్టి "మెజారిటీ ఓకే అంది" అనుకుంటే కుదరదు. బైలాస్ అందుకు అనుమతిస్తే తప్ప ఆ పోల్‌కు తీర్మానం విలువ ఉండదు.

మెయింటెనెన్స్ కట్టని వాళ్లను ఏం చేయొచ్చు?

ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. లిఫ్ట్ వాడతారు, నీళ్లు వాడతారు, మెయింటెనెన్స్ మాత్రం కట్టరు. విసిగిపోయిన కమిటీ ఏం చేస్తుంది? నీళ్ల వాల్వ్ కట్టేస్తుంది. కొందరైతే ఏకంగా మీటర్ దగ్గర ఫ్యూజ్ తీసేస్తారు.

ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. కరెంట్ కనెక్షన్ అనేది ఫ్లాట్ యజమానికి, విద్యుత్ పంపిణీ సంస్థకు మధ్య ఒప్పందం. ఇంటి మీటర్‌ను ముట్టుకునే హక్కు అసోసియేషన్‌కు లేదు. తాగునీటిని జీవించే హక్కులో భాగంగా కోర్టులు చూస్తాయి. ఇంట్లో వృద్ధులు, చిన్నపిల్లలు ఉన్నప్పుడు నీళ్లు ఆపితే బకాయిదారుడే బాధితుడిగా మారిపోతాడు. డబ్బు రావాల్సిన కమిటీ కేసులో ఇరుక్కుంటుంది.

మరో పెద్ద పొరపాటు, బకాయిదారుల పేర్లు ఫొటోలతో సహా లిఫ్ట్ దగ్గర, వాట్సాప్ గ్రూప్‌లో పెట్టడం. 'దొంగలు', 'మోసగాళ్లు' లాంటి మాటలు పడితే పరువు నష్టం కేసు అవుతుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 ప్రకారం దీనికి రెండేళ్ల వరకు శిక్ష పడే అవకాశం ఉంది. లెక్కల్లో భాగంగా ఫ్లాట్ నంబర్, బకాయి మొత్తం సభ్యులకు చూపించడం వేరు, బజారున పడేయడం వేరు.

సరైన దారి కాస్త నెమ్మదైనదే, కానీ గట్టిది. ముందు బైలాస్‌లో ఆలస్య రుసుము, వడ్డీ ఎంతో స్పష్టంగా ఉండాలి. తర్వాత రాతపూర్వక నోటీసు. ఆ తర్వాత లాయర్ నోటీసు. అప్పటికీ కట్టకపోతే సివిల్ కోర్టులో రికవరీ దావా. ఇలాంటి బాకీల వసూలుకు సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. "పోనీలే, ఫ్లాట్ అమ్మేటప్పుడు చూసుకుందాం" అని ఏళ్లకేళ్లు ఊరుకుంటే పాత బాకీ చేజారిపోవచ్చు. రెరా చట్టం కూడా తన వంతు మెయింటెనెన్స్ ఛార్జీలు కట్టడం కొనుగోలుదారుడి బాధ్యతేనని స్పష్టంగా చెబుతోంది.

జీఎస్టీ లెక్క.. 7,500 దగ్గరే అసలు తిరకాసు

అసోసియేషన్ వార్షిక టర్నోవర్ 20 లక్షలు దాటి, ఒక్కో ఫ్లాట్ నుంచి నెలకు వసూలు చేసే మెయింటెనెన్స్ 7,500 రూపాయలు దాటితే 18 శాతం జీఎస్టీ కట్టాలి. ఈ రెండు షరతులూ కలవాలి. 2018 జనవరికి ముందు ఈ పరిమితి 5,000గా ఉండేది. ఒకే వ్యక్తికి రెండు ఫ్లాట్లు ఉంటే ఒక్కో ఫ్లాట్‌కు విడివిడిగా లెక్క చూస్తారు.

మరి 7,500 దాటితే మొత్తం మీద పన్నా, దాటిన దాని మీదేనా? ఇక్కడే పేచీ. మొత్తం మీద కట్టాల్సిందేనని 2019 జులైలో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. 7,500కు పైబడిన దాని మీద మాత్రమే పన్ను పడుతుందని 2021లో మద్రాస్ హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పు చెప్పారు.

ఈ తేడా ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక గేటెడ్ కమ్యూనిటీలో 150 ఫ్లాట్లు, నెలకు 8,000 మెయింటెనెన్స్ అనుకుందాం. సర్క్యులర్ ప్రకారం ఒక్కో ఫ్లాట్‌కు పన్ను 1,440 రూపాయలు. హైకోర్టు తీర్పు ప్రకారం పైన ఉన్న 500 మీదే కాబట్టి 90 రూపాయలు. అంటే ఫ్లాట్‌కు 1,350 తేడా. మొత్తం 150 ఫ్లాట్లకు నెలకు 2 లక్షల 2 వేల 500. కమిటీ సొంతంగా ఏదో ఒకటి అనుకుని ముందుకెళ్తే, తర్వాత వచ్చే డిమాండ్ నోటీసులో వడ్డీ, పెనాల్టీ కూడా కలిసి వస్తాయి. ఆడిటర్ సలహా రాతపూర్వకంగా తీసుకోవడం అందుకే అవసరం.

ఇక ఆదాయపు పన్ను. సభ్యుల దగ్గర వసూలు చేసి సభ్యుల కోసమే ఖర్చు పెట్టే డబ్బుకు సాధారణంగా పన్ను ఉండదు. కానీ కార్పస్ ఫండ్‌ను బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీకి ఈ మినహాయింపు వర్తించదు. బెంగళూరు క్లబ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. టెర్రస్ మీద సెల్ టవర్ పెట్టి బయటి కంపెనీ నుంచి తీసుకునే అద్దె కూడా పన్ను లెక్కలోకి వచ్చేదే.

టీడీఎస్ సంగతి చాలా కమిటీలు అసలు పట్టించుకోవు. సొసైటీగా రిజిస్టర్ అయిన అసోసియేషన్, కాంట్రాక్టర్‌కు ఒకే బిల్లుగా 30 వేలు లేదా ఏడాదిలో మొత్తంగా లక్ష దాటి చెల్లిస్తే పన్ను మినహాయించి కట్టాలి. సెక్యూరిటీ ఏజెన్సీ, లిఫ్ట్ కంపెనీ, పెయింటింగ్ కాంట్రాక్టర్.. అందరూ ఈ లెక్కలోకి వస్తారు.

బిల్డర్ తాళాలు ఇచ్చాడు సరే.. కాగితాలు ఇచ్చాడా?

కొత్త అపార్ట్‌మెంట్లలో కమిటీకి ఎదురయ్యే మొదటి పోరాటం బిల్డర్‌తోనే. రెరా చట్టం ఇక్కడ అండగా ఉంది. మెజారిటీ ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పాటుకు బిల్డర్ చొరవ తీసుకోవాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక ప్లాన్లు, డాక్యుమెంట్లు, కామన్ ఏరియాలకు సంబంధించిన హక్కులు అసోసియేషన్‌కు అప్పగించాలి. అసోసియేషన్ బాధ్యత తీసుకునే వరకు అత్యవసర సేవలను సరసమైన ఛార్జీలతో బిల్డరే నడపాలి.

సెక్షన్ 14 ప్రకారం ఫ్లాట్ అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు, పనితనంలో లోపాలు బయటపడితే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాల్సిన బాధ్యత బిల్డర్‌దే. సెల్లార్‌లో నీళ్లు ఊరుతున్నా, గోడలు బీటలు వారినా ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. ఫొటోలతో సహా ఈమెయిల్ గానీ, రిజిస్టర్డ్ పోస్టు గానీ పంపాలి. ఐదేళ్లు దాటాక ఎంత అరిచినా లాభం ఉండదు.

తెలంగాణలో 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులకే రెరా వర్తిస్తుంది. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటని చిన్న ప్రాజెక్టులకు మినహాయింపు ఉంది. పాత భవనాల వాళ్లు సివిల్ కోర్టు, వినియోగదారుల కమిషన్ దారి చూసుకోవాలి. అయితే ఇక్కడో మెలిక. చట్టం ప్రకారం తప్పనిసరిగా ఏర్పడిన అసోసియేషన్‌ను 'స్వచ్ఛంద వినియోగదారుల సంఘం'గా చూడలేమని 2020లో సుప్రీంకోర్టు ఓ కర్ణాటక కేసులో తేల్చింది. ఆ కేసు నడిచింది 1986 నాటి పాత వినియోగదారుల చట్టం కింద. అయినా ఫిర్యాదులో అసోసియేషన్ పేరుతో పాటు ఫ్లాట్ యజమానుల పేర్లు కూడా ఉండేలా లాయర్‌తో మాట్లాడుకోవడం మంచిది.

పార్కింగ్ గొడవలకూ ఒక తీర్పు ఉంది. స్టిల్ట్ పార్కింగ్ కామన్ ఏరియా అని, దాన్ని బిల్డర్ విడిగా అమ్ముకోలేడని 2010లో సుప్రీంకోర్టు ముంబై కేసులో చెప్పింది. మహారాష్ట్ర చట్టం ఆధారంగా వచ్చినా, దేశమంతా ఈ తీర్పునే ఉదహరిస్తారు. రెరా చట్టం కూడా ఓపెన్ పార్కింగ్, కామన్ టెర్రస్, కామన్ బేస్‌మెంట్‌లను ఉమ్మడి ఆస్తిగానే లెక్కించింది.

కుక్కలు, అద్దెకుండే వాళ్లు.. మెజారిటీ ఉంటే చాలదు

"మా అపార్ట్‌మెంట్‌లో కుక్కలకు అనుమతి లేదు" అని తీర్మానం చేస్తే చెల్లుతుందా? చెల్లదు. మెజారిటీ సభ్యులు ఓటేసినా పెంపుడు జంతువులను నిషేధించలేరని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అలాంటి బైలాస్ చట్టవిరుద్ధమని 2021లో కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అలాగని యజమానికి బాధ్యత లేదని కాదు. టీకాలు వేయించడం, పట్టీతో తిప్పడం, శుభ్రం చేయడం లాంటి నిబంధనలు కమిటీ పెట్టొచ్చు.

వీధి కుక్కల విషయంలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు ఒక పని కమిటీకే అప్పగించాయి. పిల్లలు ఆడుకునే చోటు, మెట్లు, ప్రవేశ ద్వారాలకు దూరంగా తిండి పెట్టే స్థలం చూడాలి. ఈ అంశంపై 2025లో సుప్రీంకోర్టు వరుసగా ఉత్తర్వులు ఇచ్చింది కాబట్టి, కమిటీ తాజా ఆదేశాలు చూసుకుని మున్సిపల్ అధికారులతో కలిసి వెళ్లాలి. కుక్కలను కొట్టి తరిమేయడం, ఎక్కడో వదిలేయడం మాత్రం కేసులు తెచ్చిపెట్టే పనులే.

బ్యాచిలర్లకు ఇల్లు ఇవ్వొద్దనే నిబంధన కూడా ఇలాంటిదే. ఫ్లాట్‌ను ఎవరికి అద్దెకు ఇవ్వాలన్నది యజమాని హక్కు. అద్దెదారు వివరాలు, గుర్తింపు కార్డు, పోలీస్ వెరిఫికేషన్ అడగొచ్చు. రాత్రి శబ్దాలపై అందరికీ ఒకే నిబంధన పెట్టొచ్చు. బైలాస్‌లో లేని జరిమానాలు మీటింగ్‌లో అప్పటికప్పుడు పుట్టిస్తే కోర్టులో నిలబడటం కష్టం.

ప్రాణం పోతే.. బాధ్యత ఎవరిది?

అన్నిటికంటే సీరియస్ అంశం ఇదే. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ శాంతినగర్‌లోని ఓ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్‌కు, గోడకు మధ్య ఇరుక్కుని ఆరేళ్ల బాలుడు చనిపోయిన ఘటన అందరినీ కలచివేసింది. 2023 డిసెంబర్‌లో బెంగళూరు వర్తూరు ప్రాంతంలోని ఓ గేటెడ్ కమ్యూనిటీ స్విమ్మింగ్ పూల్ దగ్గర కరెంట్ షాక్‌తో బాలిక మరణించింది. ఆ కేసులో పోలీసులు అరెస్టు చేసిన వారిలో అసోసియేషన్ ప్రెసిడెంట్ కూడా ఉన్నారు.

నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 వర్తిస్తుంది. పాత ఐపీసీలో గరిష్ఠ శిక్ష రెండేళ్లుంటే, ఇప్పుడు ఐదేళ్లకు పెరిగింది. కమిటీలో ఉన్నంత మాత్రాన నేరస్తులైపోరు. ప్రమాదం గురించి ముందే తెలిసి పట్టించుకోలేదా, చేయాల్సిన పని చేశారా అన్నదే కోర్టు చూస్తుంది. "లిఫ్ట్ డోర్ సరిగా పడట్లేదు" అని గ్రూప్‌లో మూడు వారాల ముందే ఎవరో మెసేజ్ పెట్టి ఉంటే, అదే రేపు సాక్ష్యం అవుతుంది. ఆ మెసేజ్ చూసి లిఫ్ట్ ఆపించి మెకానిక్‌ను పిలిచిన రికార్డు ఉంటే, అది కూడా సాక్ష్యమే.

సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్ విషయంలో చట్టం ఇంకా కఠినం. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంక్‌లోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. నేరుగానైనా, పరోక్షంగానైనా ఎవరూ ఆ పని చేయించకూడదని సెక్షన్ 7 చెబుతోంది. అంటే "మేం కాంట్రాక్టర్‌కు ఇచ్చాం, ఆయనే మనుషులను తెచ్చాడు" అన్నా తప్పించుకోలేరు. మొదటిసారి అయితే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా. మళ్లీ జరిగితే ఐదేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. మురుగు కాలువల్లో మరణించిన వారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచింది.

వెయ్యో రెండు వేలో తక్కువకు వస్తున్నాడని అడ్డా మీద కూలీని తెచ్చి ట్యాంక్‌లోకి దింపడం ఇప్పటికీ జరుగుతోంది. విషవాయువు ప్రాణం తీయడానికి నిమిషాలు చాలు. కాపాడదామని దిగిన వాళ్లు కూడా అక్కడే కుప్పకూలిన ఘటనలు ఎన్నో. మెషిన్‌తో క్లీన్ చేసే వాహనాన్ని పిలిపించడమే దీనికి దారి.

వాచ్‌మన్, సెక్యూరిటీ విషయంలో ఈ పొరపాటు చేయొద్దు

సెక్యూరిటీ ఏజెన్సీకి 2005 చట్టం కింద లైసెన్స్ ఉందో లేదో చూడాలి. గార్డులకు కనీస వేతనం ఇస్తున్నారా, పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా అన్నది ఏజెన్సీ మాట మీద వదిలేయకుండా, ప్రతి నెలా చలాన్ కాపీ తీసుకున్నాకే బిల్లు ఇవ్వాలి. లేదంటే ఆ బకాయిలు అసోసియేషన్ మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

సీసీ కెమెరాల విషయంలోనూ జాగ్రత్త. గేటు, లిఫ్ట్, సెల్లార్ వరకు ఓకే. ఒకరి ఇంటి తలుపు లోపలి భాగం కనిపించేలా కెమెరా పెట్టినా, ఫుటేజ్‌ను గ్రూప్‌లో షేర్ చేసినా గోప్యత ఉల్లంఘన ఫిర్యాదు వస్తుంది.

కొత్త కమిటీ మొదటి నెలలో చేయాల్సిన పనులు

* రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్ కాపీ, గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు పాత కమిటీ నుంచి సంతకంతో తీసుకోవాలి.
* ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, మంజూరైన ప్లాన్, ఫైర్ సర్టిఫికెట్ ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే బిల్డర్‌కు రాతపూర్వకంగా రాయాలి.
* లిఫ్ట్, జనరేటర్, స్విమ్మింగ్ పూల్ మోటార్లు, ఎర్తింగ్‌ను అర్హత ఉన్న వాళ్లతో చెక్ చేయించి రిపోర్ట్ ఫైల్‌లో పెట్టాలి.
* భవనానికి, లిఫ్ట్ ప్రమాదాలకు, మూడో వ్యక్తికి జరిగే నష్టానికి బీమా ఉందో చూడాలి. ప్రీమియం ఖర్చు ఫ్లాట్లన్నిటికీ పంచితే భారం తక్కువే.
* పెద్ద ఖర్చులకు మూడు కొటేషన్లు తీసుకుని, ఎందుకు ఒకరిని ఎంచుకున్నారో మినిట్స్‌లో రాయాలి.
* అసోసియేషన్ డబ్బు ఎప్పుడూ వ్యక్తిగత ఖాతాలోకి, వ్యక్తిగత యూపీఐకి రాకూడదు. ఎంత నిజాయితీగా ఉన్నా అనుమానం మొదలయ్యేది అక్కడే.

కమిటీలో లేని ఫ్లాట్ యజమానులకూ ఇందులో బాధ్యత ఉంది. జనరల్ బాడీకి రాకుండా, లెక్కలు చదవకుండా, లిఫ్ట్ బాగు చేయించేందుకు చందా పెంచితే మాత్రం గ్రూప్‌లో గొడవ చేసే అలవాటే చాలా అసోసియేషన్లను చిక్కుల్లోకి నెడుతోంది. రిపేర్ వాయిదా పడితే మిగిలేది ఫ్లాట్‌కు నెలకు రెండు మూడు వందలు. ప్రమాదం జరిగితే పోయేది పక్కింటి పిల్లాడి ప్రాణం కావొచ్చు, మన ఇంట్లో వాళ్లదే కావొచ్చు. అందుకే ఈసారి మీటింగ్ నోటీసు వస్తే డిలీట్ చేయకుండా, ఓ గంట కేటాయించి వెళ్లండి. లిఫ్ట్ సర్వీస్ రిపోర్ట్ చూపించమని అడగండి.